దవావోలో 13 రాత్రులు: హోటలా, వంటగది ఉన్న అద్దె గదా?

గుంటూరు నాన్న:
మా అమ్మాయి ఫిలిప్పీన్స్‌లోని దవావోలో మెడిసిన్ చదువుతోంది. డిసెంబరులో నేనూ, మా ఆవిడా చూడ్డానికి వెళ్తున్నాం. 2025 నుంచి మనవాళ్లను వీసా లేకుండా 14 రోజులు రానిస్తున్నారు కాబట్టి ఉండేది 13 రాత్రులు. అమ్మాయి హాస్టల్లో మమ్మల్ని ఉండనివ్వరు. దగ్గర్లో హోటల్ చూస్తే టిఫిన్‌తో కలిపి రోజుకు 1,700 పెసోలు. ట్రాన్సియెంట్ అని అక్కడివాళ్లు రోజు లెక్కన ఇచ్చే గది, చిన్న వంటగదితో, 1,000కే ఉంది. మొత్తం మీద తేడా 9,100 పెసోలు, పెసో రూపాయిన్నర లెక్కన 13 వేల రూపాయల పైమాటే. మాకు అది చిన్న మొత్తం కాదు. మా ఆవిడ మాంసం, చేప ముట్టదు. ఏం చేయమంటారు?

మకాటి ఉద్యోగి:
హోటలే తీసుకోండి సార్. ఏడేళ్లుగా మనీలాలో ఉంటున్నాను, అనుభవంతో చెబుతున్నాను. పోయినసారి మా అమ్మానాన్నల కోసం ఇలాంటి గదే తీసుకున్నాను. అద్దె చవకే. కానీ కరెంటు వేరు. ఓనరు పెట్టిన సబ్‌మీటరు మీద యూనిట్‌కు 18 పెసోలు తీసుకున్నాడు. ఈ దేశంలో కరెంటు మామూలుగానే ఖరీదు. పాత విండో ఏసీ రాత్రి పది గంటలు వేస్తే ఎనిమిది యూనిట్లు కాలుతుంది. అంటే రోజుకు 144 పెసోలు ఏసీకే. తాగే నీళ్ల డబ్బా వేరు, గ్యాస్ వేరు. గది కాలనీ లోపలెక్కడో ఉండటంతో బయటికి రావాలంటే ప్రతిసారీ ట్రైసికిల్, అంటే పక్కన సీటు తగిలించిన బైక్, ఎక్కాలి. మీరు చెప్పే 700 తేడాలో సగం ఇలాగే పోతుంది.

ఇంకొకటి. వీసా లేకుండా వచ్చేవాళ్లు తిరుగు టికెట్, బస బుకింగ్, ఖర్చులకు డబ్బున్నట్టు ఆధారం చూపించాలి. ఫేస్‌బుక్‌లో మాట్లాడుకున్న గదికి బుకింగ్ కాగితం ఎవరిస్తారు? ఆ 14 రోజులు పొడిగించడానికి కూడా వీల్లేదు. అంత తక్కువ టైములో గది బాగోలేదని ఇంకోటి వెతుక్కుంటూ తిరుగుతారా, పిల్లతో గడుపుతారా?

దవావో విద్యార్థి:
మకాటి అన్నా, మీరు చెప్పింది మనీలా లెక్క. ఇక్కడ మా వీధిలో ఓనర్లు కరెంటు యూనిట్ 13, 14 పెసోలకే ఇస్తున్నారు. అయినా అసలు సంగతి కరెంటు కాదు, ఆంటీ తిండి.

అంకుల్, ఇక్కడ కారెండేరియాకు, అంటే చిన్న భోజన హోటల్‌కు, వెళ్తే గిన్నెలన్నీ వరసగా పెట్టి ఉంటాయి. ఒక్కో మూత తీసి చూసి, వేలితో చూపిస్తే వడ్డిస్తారు. పెసలతో వండే మొంగోస్ చూడగానే మన పప్పులా ఉంటుంది, పైన మునగాకు కూడా తేలుతుంటుంది. నేను వచ్చిన కొత్తలో ఆశగా గరిటెడు వేయించుకుంటే అడుగున పంది మాంసం ముక్కలు తగిలాయి. వంకాయ, బెండకాయ, గుమ్మడి కలిపి వండే పినక్‌బెట్‌లో రొయ్యల ముద్ద వేస్తారు. ఇక్కడి భాషలో పంది మాంసాన్ని ‘బాబోయ్’ అంటారు. మనకు గుర్తుండిపోయే మాటే, కానీ ఆ ఒక్కటి వద్దంటే సరిపోదు, దాని బదులు ఎండు చేప వేస్తారు. హోటల్ టిఫిన్ అంటే ఎక్కువగా అన్నం, గుడ్డు, సాసేజ్. రోజూ ఇండియన్ రెస్టారెంట్‌కు వెళ్తే ఇద్దరికీ పూటకు 700, 800 అవుతుంది.

అదే బాంకెరోహన్ మార్కెట్‌కు పొద్దున్నే వెళ్తే మునగాకు కట్టలు, వంకాయలు, పెసలు, అరటిపళ్లు అన్నీ దొరుకుతాయి. ఇక్కడ మునగాకును ‘కముంగ్గాయ్’ అంటారు. వంటగది ఉంటే మీ అమ్మాయి కూడా 13 రోజులు అమ్మ చేతి వంట తింటుంది అంకుల్. మా అమ్మ వచ్చినప్పుడు నేను తిన్న పెసరపప్పు, మునగాకు కూర ఇప్పటికీ మర్చిపోలేను. దానికి ఏ లెక్క కడతాం?

విశాఖ అమ్మ:
తమ్ముడూ, నీ మాట నిజం. అన్నయ్యగారూ, వంటగది తీసుకోండి, కానీ నెలవారీ అద్దె జోలికి మాత్రం వెళ్లకండి. ఎవరో ఒకరు ‘నెలకు 8,000కే ఇస్తాం, ఇంకా చవక’ అని తప్పకుండా చెబుతారు. మా బాబుకు డెంగీ వచ్చినప్పుడు వీసా తీసుకుని వెళ్లి రెండు నెలలు అలాగే ఉన్నాం. ఒక నెల అడ్వాన్స్, రెండు నెలల డిపాజిట్ కట్టించుకున్నారు. నెలకు 10,000 లోపు అద్దెలకు అంతకంటే ఎక్కువ అడగకూడదని 2009 నాటి అద్దె చట్టంలో ఉంది, కాబట్టి అడిగింది సరైనదే. కానీ కాంట్రాక్టులో ఆరు నెలలని రాసి ఉంది. ఆ టెన్షన్‌లో చదవకుండా సంతకం పెట్టాను. రెండు నెలలకే ఖాళీ చేశామని డిపాజిట్ ఒక్క పెసో కూడా తిరిగివ్వలేదు.

మకాటి ఉద్యోగి:
తిండి విషయంలో తమ్ముడి మాట ఒప్పుకుంటున్నాను. మా అమ్మానాన్నలు అన్నీ తింటారు, అందుకే నాకు ఆ ఆలోచన రాలేదు. కానీ గది కళ్లతో చూడకుండా జీక్యాష్‌లో (ఇక్కడ ఫోన్‌తో డబ్బు పంపే యాప్) అడ్వాన్స్ పంపడం మాత్రం వద్దు. ఒకే ఫొటోలు నాలుగు పేర్లతో పెట్టి డబ్బు లాగేవాళ్లున్నారు. ఇక్కడ దిగే ముందు 72 గంటల్లోపు ఈ-ట్రావెల్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ప్రయాణ వివరాల నమోదు కూడా చేయాలి. అది పూర్తిగా ఉచితం, దానికి ఫీజు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే మూసేయండి.

దవావో విద్యార్థి:
అన్నా, అందుకే బుకింగ్ యాప్‌లో ఉన్న గదే తీసుకోమంటాను. కాస్త ఎక్కువైనా ఎయిర్‌పోర్టులో చూపించడానికి కాగితం ఉంటుంది. ఏసీ ఇన్వర్టర్‌దో కాదో ముందే అడగండి అంకుల్. గది జీప్నీ (ఇక్కడి షేర్ జీపులాంటి బస్సు) రూటు మీద ఉండాలి, కాలనీ లోపల వద్దు.

గుంటూరు నాన్న:
అందరికీ ధన్యవాదాలు. యాప్‌లో వంటగదితో ఒకటి కనిపించింది, 1,250, కరెంటు కలిపి. హోటల్ కంటే 450 తక్కువ. ఆదివారం వెళ్లి చూసి రమ్మని అమ్మాయికి చెప్పాను. పొయ్యి వెలిగించి చూడమన్నాను, జీప్నీ ఎక్కే చోటి నుంచి గుమ్మం దాకా నడిచి ఎన్ని నిమిషాలు పట్టిందో చెప్పమన్నాను. ఫోన్ పెట్టేసే ముందు తను అడిగింది మాత్రం ఒక్కటే: ‘అమ్మ మునగాకు పప్పు చేస్తుందా నాన్నా?’