బర్దియా ముందే చనిపోయాడా, లేక దరియస్ చంపింది అతన్నేనా?

పాతరాతలు:
పర్షియా చక్రవర్తి సైరస్ చిన్న కొడుకు బర్దియా గురించి చరిత్ర పుస్తకాల్లో రెండు వాక్యాలకు మించి ఉండదు. తర్వాత రాజైన దరియస్ ఇరాన్‌లోని బెహిస్తూన్ కొండ మీద మూడు భాషల్లో చెక్కించిన కథ ఇది. ఈజిప్టు మీదికి వెళ్లకముందే సైరస్ పెద్ద కొడుకు, రాజు కాంబైసెస్ తన తమ్ముడు బర్దియాను రహస్యంగా చంపించాడు, జనానికి తెలియదు. క్రీ.పూ. 522 మార్చిలో గౌమాత అనే మాగీ పూజారి 'నేనే బర్దియాను' అంటూ తిరగబడ్డాడు, జులైకి రాజయ్యాడు. ఆ తర్వాత కాంబైసెస్ పోయాడు. సెప్టెంబరు 29న దరియస్ మరో ఆరుగురితో వెళ్లి మీడియా అనే ప్రాంతంలోని ఒక కోటలో ఆ గౌమాతను చంపి గద్దెనెక్కాడు.

నేను దీన్ని నమ్మను. చచ్చింది అసలు బర్దియానే. అప్పటికి దరియస్ తండ్రి విష్తాస్ప, తాత అర్షామ ఇద్దరూ బతికే ఉన్నారు. వాళ్లను దాటి రాజ్యం ఇతనికెలా వచ్చింది?

చరిత్ర మాస్టారు:
ఈ మాట 20వ శతాబ్దంలో కొందరు చరిత్రకారులు అన్నదే, కొత్తది కాదు. కానీ శాసనం ఒక్కటే కాదండీ. గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ కూడా దొంగ రాజనే చెప్పాడు. దరియస్‌తో కలిసి కుట్ర చేసినవాళ్ల పేర్లు శాసనంలో ఉన్నవీ, హెరోడోటస్ ఇచ్చినవీ ఒక్కటి తప్ప సరిపోతాయి. ఆయన శాసనం చదవలేదు, పర్షియన్ కుటుంబాల నుంచి విన్నాడంటారు. మరో గ్రీకు రచయిత క్టెసియస్ కూడా మాగీ అనే అన్నాడు. ముగ్గురూ కూడబలుక్కుని అబద్ధం చెప్పారా?

గోదారిగట్టు:
చెవుల సంగతి ఎవరూ ఎత్తరేం? హెరోడోటస్ కథలో ఆ మాగీకి చెవులు లేవు, సైరస్ కోయించాడు. భార్య ఫైదిమే రాత్రి తడిమి చూసి కనిపెట్టింది. నెలల తరబడి కాపురం చేసిన మనిషికి చెవులున్నాయో లేదో తెలియదా?

పాతరాతలు:
మాస్టారూ, ముగ్గురూ ఒకే మాట ఎక్కడ చెప్పారు? శాసనంలో హత్య ఈజిప్టు యాత్రకు ముందు. హెరోడోటస్‌లో యాత్ర మొదలయ్యాక. తమ్ముణ్ణి ఈజిప్టు నుంచి పర్షియాకు వెనక్కి పంపించేసి, వెనకే ప్రెక్సాస్పెస్ అనే నమ్మకస్తుణ్ణి పంపి చంపించాడంటాడు. క్టెసియస్ ఏమో ఎద్దు రక్తం తాగించారంటాడు, పేరు కూడా వేరే చెబుతాడు. జరిగిన హత్యకు కాలమైనా కుదరాలి కదా. హెరోడోటస్ కంటే ముందు, క్రీ.పూ. 472లో ఆడిన గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ నాటకంలో బర్దియా మర్దోస్ అనే పేరుతో రాజుల వరసలోనే ఉన్నాడు. దేశానికి మచ్చ అన్నాడు కానీ మాగీ అనలేదు.

చరిత్ర మాస్టారు:
వివరాలు తేడాగా ఉన్నాయంటేనే ఒకరి దగ్గర ఒకరు కాపీ కొట్టలేదని. మూలం మాత్రం అందరిలోనూ ఒకటే: తమ్ముణ్ణి అన్న చంపించాడు, మరొకడు ఆ పేరుతో వచ్చాడు.

వేరేవాడి పేరుతో రావడం అసాధ్యమూ కాదు. అదే ఏడాది వహ్యజ్దాత అనేవాడు పర్షియాలోనే లేచి తానే బర్దియా అన్నాడు. రాజభవనంలో ఉన్న సైన్యం అతని వైపు వెళ్లిపోయింది. వాడు దొంగ అని మీరూ ఒప్పుకుంటారు కదా?

గోదారిగట్టు:
చెవులకు జవాబు రాలేదు. పైగా బర్దియా సొంత తోబుట్టువు అటోస్సా కూడా అదే అంతఃపురంలో ఉంది.

చరిత్ర మాస్టారు:
రాణులు ఒకరినొకరు కలవకుండా విడివిడిగా ఉంచాడని హెరోడోటస్ రాశాడు. చెవుల కథను నేను సాక్ష్యంగా తీసుకోవడం లేదు, వదిలేయండి.

పాతరాతలు:
వహ్యజ్దాత సంగతి నాకే పనికొస్తుంది. దొంగ బర్దియాను చంపానంటూ దరియస్ గద్దెనెక్కాక కూడా పర్షియన్ సైన్యం మరో బర్దియా వెనక వెళ్లిందంటే, దరియస్ కథను సొంత ఊరివాళ్లే నమ్మలేదన్నమాట.

బాబిలోన్‌లో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మట్టి పలకల మీద ఒప్పందాలు 'బర్జియా (బర్దియా) రాజు' పేరుతోనే ఉన్నాయి. ఆ రాజు మూడేళ్లు పన్నూ, సైనిక సేవా లేకుండా చేశాడు. చనిపోతే పర్షియన్లు తప్ప ఆసియా అంతా ఏడ్చిందని హెరోడోటసే అన్నాడు.

మా తాతయ్య బతికుండగానే ఆయన్ను చనిపోయినట్టు కాగితాల్లో రాయించి దాయాదులు పొలం తమ పేర్ల మీదికి మార్పించుకున్నారు. ఆయన ఆఫీసులో నిలబడి నేనే ఫలానా అంటే, రికార్డులో అలా లేదు అన్నారు. బతికినవాణ్ణి కాగితం మీద చంపేయడం ఎంత సులువో నేను చూశాను.

చరిత్ర మాస్టారు:
మీ పొలం గొడవకూ పర్షియా అకెమెనిడ్ రాజ్యానికీ ఏం సంబంధం? మీకు జరిగిన అన్యాయానికి బాధగానే ఉంది. దాన్ని తెచ్చి రెండున్నర వేల ఏళ్ల నాటి శాసనం మీద పెట్టకండి. ఇది చరిత్ర విభాగం.

పాతరాతలు:
మీకు కొండ మీద చెక్కితే చాలు, నిజమైపోతుంది. చంపినవాడే సాక్షి, వాడే జడ్జి. హెరోడోటస్ రాసిన దరియస్ ఆ కుట్ర రోజున ఏమంటాడో తెలుసా? అవసరమైతే అబద్ధం ఆడాల్సిందే అంటాడు.

సుహాసిని_హెచ్:
ఇద్దరూ కాస్త ఆగండి. బెంగాల్‌లోని భవాల్ జమీందారీ కుమార్ గురించిన భవాల్ సన్యాసి కేసు గుర్తుందా? 1909లో డార్జిలింగ్‌లో చనిపోయాడన్న కుమార్ 1921లో తిరిగొచ్చాడు. అక్కచెల్లెళ్లు అతనే అన్నారు, భార్య కాదంది. లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1946లో అతని పక్షాన తీర్పిచ్చింది. కళ్లెదుట ఉన్న మనిషి సంగతి తేల్చడానికే అన్నేళ్లు పట్టింది.

చరిత్ర మాస్టారు:
అక్కడ రెండు పక్షాలూ కోర్టులో మాట్లాడాయి. ఇక్కడ మనకు మిగిలింది ఒకటే పక్షం. నాకు దరియస్ మీద ప్రేమేమీ లేదు. ఆ ఏడాది ఏ నెలలో ఏం జరిగిందో మనకు తెలిసేది ఎక్కువగా ఆ శాసనం వల్లే. మీరు పైన చెప్పిన మార్చి, జులై, సెప్టెంబరు కూడా అక్కడివే. తేదీలు ఉంచుకుని, నచ్చని పేరు మాత్రం తీసేస్తానంటే ఏ పద్ధతి మీద తీసేస్తున్నారు? రేపు ఇంకొకరు ఇంకొక పేరు తీసేస్తారు. నా భయం అది.

పాతరాతలు:
తేదీలను బాబిలోన్ పలకలతో సరిచూసుకోవచ్చు. గౌమాతను దేనితో సరిచూస్తారు? నా పద్ధతి అదే. రాజ్యం ఎవరికి దక్కిందో వాళ్లే రుజువు చూపించాలి. మీరు ఆ బరువును చచ్చినవాడి మీద పెడుతున్నారు, మన గొడవంతా అక్కడే.

సుహాసిని_హెచ్:
బర్దియా కూతురు పార్మిస్‌ను దరియస్ పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల కొడుకు అరియోమార్దోస్ క్రీ.పూ. 480లో గ్రీసు మీదికి వెళ్లిన సైన్యంలో ఒక దళానికి నాయకుడు. ఆమె గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు ఇక్కడ. మీలో ఎవరి మాట నిజమన్నదాన్ని బట్టి, ఆమె తండ్రి పేరు వాడుకున్న దొంగను చంపినవాడితోనో, తండ్రినే చంపినవాడితోనో కాపురం చేసింది.

చరిత్ర మాస్టారు:
సైరస్ వంశపు ఆడపిల్లలందరినీ చేసుకున్నాడు, అటోస్సాను, అర్తిస్తోనెను కూడా. అది రాజ్యం నిలుపుకోవడం. హత్యకు రుజువు కాదు.

పాతరాతలు:
రుజువని నేనూ అనలేదు. మరి ఆ ఆరుగురిలో ఒకడైన ఇంటాఫ్రెనెస్‌ను దరియస్ కొద్దికాలానికే పెద్ద కొడుకు తప్ప మిగతా కొడుకులతో సహా ఎందుకు చంపించాడు? కోటలో చచ్చిన మనిషి ముఖం చూసినవాళ్లలో అతనొకడు.

చరిత్ర మాస్టారు:
అనుమతి లేకుండా లోపలికి పోనివ్వలేదని కాపలావాళ్ల ముక్కు చెవులు కోసినందుకు. హెరోడోటస్ మూడో పుస్తకం, మళ్లీ తీసి చూడండి.

పాతరాతలు:
చూశాను. ఆ కారణం చెప్పింది కూడా దరియస్ దర్బారే.