రీస్ట్రక్చరింగ్ అర్జీ తేలకముందే సర్ఫేసీ నోటీసు వస్తే?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఫ్లాటు, హోమ్ లోన్. ఈఎంఐ తగ్గించి గడువు పెంచమని బ్యాంకుకు రీస్ట్రక్చరింగ్ అర్జీ పెట్టాం. జవాబు లేదు, సర్ఫేసీ చట్టం (కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం) కింద బాకీ కట్టమని 13(2) నోటీసు మాత్రం వచ్చింది. అర్జీ తేలేదాకా ఆగుతారా అండీ?

జవాబు: ఆగరండీ. అర్జీ పెండింగ్‌లో ఉందని గడువు ఆగదు. బాకీ కట్టడానికి నోటీసు తేదీ నుంచి 60 రోజులే. ఆలోపు 13(3ఎ) కింద రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి. బాకీ లెక్కలో తప్పులు, అర్జీ నకలు, ఆదాయ పత్రాలు, నెలకు ఎంత కట్టగలరో అన్నీ అందులో ఉండాలి. ఒప్పుకోకపోతే 15 రోజుల్లో కారణాలు చెప్పాల్సింది బ్యాంకే. బ్రాంచిలో ఇస్తే ముద్ర వేసిన నకలు తప్పకుండా తీసుకోండి. మేనేజరు ఫోన్లో ఇచ్చిన మాటను నమ్ముకుని కూర్చోవద్దు, దయచేసి.

జవాబు: ఒకటి రెండు ఈఎంఐలు కడితే ఎన్‌పీఏ (మొండి బాకీ) ముద్ర పోదు. అసలు, వడ్డీ బకాయిలన్నీ తీరాలి.

జవాబు: తలుపుకు పొసెషన్ (స్వాధీన) నోటీసు అంటిస్తే 45 రోజుల్లో బెంగళూరు డీఆర్‌టీలో (బ్యాంకు బాకీల వివాదాలు చూసే ట్రిబ్యునల్) అదే చట్టం సెక్షన్ 17 దరఖాస్తు వేయండి. దాంతోపాటు స్టే కూడా అడగాలి, దానంతటది రాదు. సివిల్ కోర్టులో దావాకు సెక్షన్ 34 అడ్డు. అన్నిటికన్నా ముఖ్యం: బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడేదాకానే. 2016 సవరణ తర్వాత 13(8) అదే చెబుతోంది.