అద్దె కోసం మొదటి ఫ్లాట్: చేతిలో 18 లక్షలున్నాయి, 65 లక్షల రీసేల్ తీసుకోవచ్చా?

కొండాపూర్‌లో అద్దెకు:
అందరికీ నమస్తే. నా వయసు 31, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి నెలకు 1.10 లక్షలు వస్తుంది. మేముండే ఇంటికి అద్దె 24 వేలు, కారు లోన్ 14 వేలు. సేవింగ్స్ అన్నీ కలిపితే 18 లక్షలు. నిజాంపేటలో 1150 ఎస్ఎఫ్‌టీ డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూశాను, ఎనిమిదేళ్ల బిల్డింగ్, 65 లక్షలు చెబుతున్నారు. ఇప్పుడున్నవాళ్లు 20 వేలు ఇస్తున్నారు, మెయింటెనెన్స్ కూడా వాళ్లే కట్టుకుంటారు. మేము అందులో ఉండం, పూర్తిగా అద్దె కోసమే. "అద్దెతో ఈఎంఐ వెళ్లిపోతుంది సార్, మీ చేతి నుంచి పడేది కొంచెమే" అని బ్రోకర్ అంటున్నాడు. ఇంకొకాయన కొల్లూరు వైపు ప్రీ లాంచ్‌లో, అంటే అనుమతులు రాకముందే అమ్మే ప్రాజెక్టులో, ఇదే సైజు 42 లక్షలకే ఇస్తామంటున్నాడు కానీ మొత్తం డబ్బు ఇప్పుడే కట్టాలట. నాన్నగారేమో ఫ్లాట్ వద్దు, ఊరి దగ్గర స్థలం కొను అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే చర్చ. మొదటిసారి కదా, టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మియాపూర్ ఓనర్:
బ్రదర్, ముందు బ్రోకర్ లెక్క పక్కన పెట్టి మన లెక్క వేద్దాం. 65 లక్షల్లో బ్యాంకు 80 శాతం ఇచ్చినా 52 లక్షలు. 8 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ దాదాపు 43,500 పడుతుంది. అద్దె 20 వేలు. అంటే ప్రతి నెలా 23,500 మీ జీతంలోంచి వెళ్తుంది, అది "కొంచెం" ఎలా అవుతుంది? పైగా ఆ 20 వేలు పన్నెండు నెలలూ రావు. ఒకళ్లు ఖాళీ చేసి ఇంకొకళ్లు వచ్చేలోపు ఒక నెల పోతుంది, పెయింటింగ్, ప్లంబింగ్, మోటారు రిపేరు, ప్రాపర్టీ టాక్స్ అన్నీ ఓనర్ నెత్తినే. సరాసరి నెలకు 17 వేలు మిగులుతుందనుకోండి, ఆ 17 వేలు మోయగలిగే అప్పు ఇదే వడ్డీకి 20 లక్షలు మాత్రమే. నేను కొత్తవాళ్లందరికీ చెప్పేది ఇదే, ఫ్లాట్ ధర చూసి లోన్ అడగొద్దు, వచ్చే అద్దె ఎంత అప్పును మోస్తుందో చూసుకుని మిగతాది మీ దగ్గర ఉందా అని మిమ్మల్ని మీరే అడగండి.

ఇంకో మాట, మీ 18 లక్షలు మొదటి రోజే అయిపోతాయి. డౌన్ పేమెంట్ 13 లక్షలు, తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి సుమారు 7.5 శాతం కాబట్టి దగ్గర దగ్గర 4.9 లక్షలు, అక్కడికే 17.9 అయింది. బ్రోకర్ కమీషన్, లీగల్ ఒపీనియన్ ఫీజు, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు ఎక్కడి నుంచి తెస్తారు? చేబదులు తెచ్చి, చిట్టీ పాడుకుని కొన్న ఫ్లాట్‌లో అద్దెకున్నవాళ్లు రెండు నెలలు లేట్ చేస్తే నిద్ర ఉండదు.

లోన్ డెస్క్:
నేను గృహ రుణాల పని చూస్తాను కాబట్టి బ్యాంకు వైపు నుంచి చెబుతా. మీ కారు ఈఎంఐ 14 వేలు, కొత్తది 43,500, రెండూ కలిపితే 57,500, మీ జీతంలో సగం దాటిపోయింది. అక్కడే చాలా బ్యాంకులు వెనకాడతాయి. వీలైతే ముందు కారు లోన్ క్లోజ్ చేయండి, లేదా మీ భార్యకు ఆదాయం ఉంటే కో-అప్లికెంట్‌గా పెట్టండి. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం 30 లక్షల లోపు లోన్‌కు 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షలకు 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా ఇవ్వొచ్చు. కానీ ఆ శాతం మీరు మాట్లాడుకున్న ధర మీద వస్తుందన్న గ్యారంటీ లేదు. బ్యాంకు వాల్యుయర్ 58 లక్షలే అన్నాడనుకోండి, 80 శాతం దాని మీదే, మిగిలిన తేడా మీ జేబులోంచే. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా ఈ లెక్కలోకి రావు.

అమ్మేవాళ్లు "కొంత వైట్, కొంత క్యాష్" అంటే అక్కడే ఆగండి. డాక్యుమెంట్‌లో చూపించిన ధర తగ్గితే లోనూ తగ్గుతుంది. పైగా స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. రేపు మీరు అమ్మేటప్పుడు కూడా ఆ క్యాష్ మీ కొన్న ధరలోకి రాదు, లాభం ఎక్కువ కనిపించి పన్ను ఎక్కువ కడతారు.

ఫ్లోటింగ్ రేటే, అంటే మార్కెట్‌ను బట్టి మారే వడ్డీయే తీసుకోండి. వ్యక్తుల ఫ్లోటింగ్ గృహ రుణానికి ముందే కట్టేస్తే పెనాల్టీ వేయకూడదు, కాబట్టి బోనస్ వచ్చినప్పుడల్లా అసలులో వేయొచ్చు. మొదటి నెల మీ 43,500లో వడ్డీయే 34,600 పైన ఉంటుంది, మొదటి ఏళ్లలో కట్టే లక్ష తర్వాత కట్టే లక్ష కంటే ఎందుకు విలువైనదో అర్థమవుతుంది.

ఉప్పల్ అక్క:
తమ్ముడూ, నీకు అద్దే కావాలంటే అపార్ట్‌మెంట్ ఒక్కటే దారి కాదు. మాది ఉప్పల్ వైపు 150 గజాల్లో పాత ఇల్లు, కింద రెండు పోర్షన్లు, పైన రెండు. నాలుగు కుటుంబాల అద్దె కలిపితే అదే డబ్బు పెట్టిన ఫ్లాట్ కంటే బాగానే వస్తుంది, ఒకళ్లు ఖాళీ చేసినా మిగతా ముగ్గురి అద్దె ఆగదు, భూమి మొత్తం మనదే. కానీ పని కూడా ఎక్కువ, కరెంటు మీటర్ల గొడవ, బోరు, డ్రైనేజీ, గేటు తాళం దాకా అన్నీ నీ దగ్గరికే వస్తాయి. ఉద్యోగం చేసుకుంటూ కొండాపూర్ నుంచి వచ్చి చూసుకోవడం కష్టం, అది ఆలోచించుకో.

ఫ్లాటే అనుకుంటే రెండు విషయాలు బ్రోకర్‌ని కాదు, వాచ్‌మన్‌ని అడుగు. ఏప్రిల్, మేలో రోజుకు ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారు, మంజీరా (ప్రభుత్వ మంచినీటి) కనెక్షన్ ఉందా లేదా. ఆ వైపు ఎండాకాలం నీళ్ల ఖర్చుతో మెయింటెనెన్స్ పెరిగిందంటే అద్దెకున్నవాళ్లు ముందు నీతోనే బేరమాడతారు. రెండోది, గత రెండేళ్లలో ఆ ఫ్లాట్‌లో ఎంతమంది మారారు. అసోసియేషన్‌కు పాత ఓనర్ బాకీ లేడని కాగితం రాయించుకో. అద్దె అగ్రిమెంట్ కూడా ఇప్పుడున్నవాళ్లతో నీ పేరు మీద కొత్తగా రాసుకోవాలి, వాళ్లిచ్చిన అడ్వాన్స్ పాత ఓనర్ దగ్గర నుంచి నీకు రావాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

కాగితాల మనిషి:
ప్రీ లాంచ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి గట్టిగా చెబుతున్నా, వద్దు. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ తీసుకోకుండా అమ్మకమే కాదు, ప్రకటన ఇవ్వడం కూడా కుదరదు. రిజిస్టర్ అయిన సేల్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతం మించి తీసుకోకూడదు. మరి నూరు శాతం ఇప్పుడే కట్టమనే మనిషి ఆ రెండూ దాటేశాడు. అనుమతులు రాలేదు, పునాది తీయలేదు, అద్దె ఎప్పుడొస్తుంది? మా బంధువుల్లో ఒకరు ఇలాగే కట్టి ఏళ్ల తరబడి ఆ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు, చేతిలో ఒక రసీదు తప్ప ఏమీ లేదు. 42 లక్షలనేది తక్కువ ధర కాదు, ఆ బిల్డర్‌కు మీరు వడ్డీ లేకుండా ఇచ్చే అప్పు.

నిజాంపేట ఫ్లాట్‌కు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపించే కాగితం), లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల పత్రాలు), మంజూరైన ప్లాన్, ఓసీ (బిల్డింగ్‌లో ఉండొచ్చని ఇచ్చే ధ్రువపత్రం) చూడండి. మీ ఫ్లాట్ నంబరు ఆ ప్లాన్‌లో ఉందా అన్నది ముఖ్యం, పైన అక్రమంగా వేసిన అంతస్తులో ఉంటే ఏ మంచి బ్యాంకూ లోన్ ఇవ్వదు. చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చిన 2024 తర్వాత చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు), దాని చుట్టూ కట్టకూడని బఫర్ జోన్ సంగతి అందరికీ తెలిసింది, ఆ వైపు చెరువులు చాలా ఉన్నాయి, మ్యాప్‌లో సర్వే నంబరు పెట్టి చూసుకోండి. యూడీఎస్, అంటే భూమిలో మీ ఫ్లాట్ వాటా ఎన్ని గజాలో అడగండి. బిల్డింగ్ ఏటా పాతబడుతుంది, విలువ పెరిగేది ఆ గజాలకే.

కొండాపూర్‌లో అద్దెకు:
అందరికీ చాలా థాంక్స్. ప్రీ లాంచ్ ఆయనకు వద్దని చెప్పేశాను. రెండు డౌట్లు. నేను కొత్త టాక్స్ రెజీమ్‌లో ఉన్నా, వడ్డీకి మినహాయింపు వస్తుందా? ఫ్లాట్ ఓనర్ అమెరికాలో ఉంటారట, ఇక్కడ వాళ్ల బావమరిది జీపీఏతో (ఓనర్ తరఫున సంతకం చేసే అధికారపత్రంతో) సంతకం పెడతారట, ఇబ్బంది ఉందా?

మియాపూర్ ఓనర్:
కొత్త రెజీమ్‌లో అద్దె ఆదాయం నుంచి ప్రాపర్టీ టాక్స్, 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్, వడ్డీ తీసేయొచ్చు, కానీ నష్టం వస్తే జీతం మీద సర్దుబాటు కుదరదు. పాత రెజీమ్‌లో ఏడాదికి 2 లక్షల దాకా కుదురుతుంది. మీకు మొదటి ఏడాది వడ్డీయే 4 లక్షల పైన, పన్ను వేసే అద్దె 1.68 లక్షల లోపు, కాబట్టి అద్దె మీద పన్ను పడదు, అంతకుమించి లాభమూ లేదు. పన్ను ఆదా అవుతుందని మాత్రం కొనకండి.

కాగితాల మనిషి:
అమెరికా ఓనర్ అంటే జాగ్రత్త. ఇక్కడివాళ్ల దగ్గర 50 లక్షలు, ఆపైన కొంటే 1 శాతం టీడీఎస్, అంటే కొనేవాళ్లు ధరలోంచి పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను. ఎన్ఆర్ఐ దగ్గర కొంటే అది కాదు, దీర్ఘకాలిక లాభమైతే 12.5 శాతం, దాని మీద సెస్, వర్తిస్తే సర్‌చార్జీ. తక్కువ పట్టుకోవచ్చని ఆయన ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెస్తే తప్ప అమ్మకం మొత్తం మీదే పట్టుకుంటారు. మీరు పట్టుకోకపోతే బాకీ మీ మీద పడుతుంది. ఇది సీఏతో చేయించండి. జీపీఏ అక్కడ కాన్సులేట్‌లో అటెస్ట్ అయి, ఇక్కడ జిల్లా రిజిస్ట్రార్ దగ్గర వాలిడేట్ అయిందా, అందులో అమ్మే అధికారం స్పష్టంగా రాశారా చూడండి. ఒకసారి ఓనర్‌తో వీడియో కాల్‌లో నేరుగా మాట్లాడండి, డబ్బు బావమరిది ఖాతాకు కాకుండా ఓనర్ ఖాతాకే వెళ్లాలి. ఈ కాగితాలన్నీ లాయర్ చూసేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

లోన్ డెస్క్:
ఇంకొకటి, ఇదే వైపు 40 లక్షల లోపు పాత ఫ్లాట్లు కూడా చూడండి. 25 లక్షల లోన్ అయితే ఈఎంఐ దాదాపు 20,900. అద్దె 14 వేలు వచ్చినా మీ జేబులోంచి పడేది 7 వేలే. డౌన్ పేమెంట్ 15 లక్షలు, రిజిస్ట్రేషన్ మరో 3 లక్షలు, అందుకే ఇంకో ఏడాది ఆగి కారు లోన్ తీర్చి, ఆరు నెలల ఈఎంఐ పక్కన పెట్టుకుని వెళ్లండి. బిల్డింగ్ వయసు చూసి బ్యాంకు లోన్ కాలం తగ్గించొచ్చు, అందుకని ఫ్లాట్ ఖాయం చేసుకునే ముందే బ్యాంకులో అడగండి.