కుప్ప కొలతకి ఏది ఖాయం: ట్రిప్పు చీటీలా, డ్రోన్ సర్వేనా?

చీపురుపల్లి సైట్ ఇంజనీర్:
రోడ్డు పనికి తోలించిన 20 ఎం.ఎం. కంకర, క్రషర్ డస్టు, నాగావళి ఇసుక యార్డులో కుప్పలుగా ఉన్నాయి. ట్రిప్పు చీటీలు కూడితే ఒక లెక్క, డ్రోన్ ఎగరేసి సాఫ్ట్‌వేర్‌లో వేస్తే అంతకంటే బాగా తక్కువ. బిల్లు దేనిమీద పెట్టాలి? ఆఫీసులో రెండు వర్గాలయ్యాయి.

రాజాం సప్లయర్:
చీటీల మీదే బాబూ. మొదటిరోజే టిప్పరు తొట్టి పొడవు, వెడల్పు, లోతు టేపుతో కొలిచి, ఇన్ని యూనిట్లని ఇద్దరం సంతకాలు పెడతాం. యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు, డ్రైవరుకి కూడా తెలిసిన లెక్క. స్క్రీన్ మీద రంగుల బొమ్మ చూపించి "ఇంతే ఉంది" అంటే మేం ఎక్కడ సరిచూసుకోవాలి?

పాలకొండ కాంట్రాక్టరు:
తొట్టి కొలిచారు సరే, ప్రతి లోడూ అంచు దాకా నింపారని ఎవరు చూశారు? రాత్రి దిగిన లోడుకీ చీటీ ఉంటుంది. నేను డ్రోన్ వైపే.

బొబ్బిలి సర్వేయర్:
మీరిద్దరూ కుప్ప పైభాగం గురించే మాట్లాడుతున్నారు. గొడవంతా అడుగున ఉంది.

డ్రోన్ పైతలాన్ని బాగానే పడుతుంది, నేలమీద కంట్రోల్ పాయింట్లు (ఎత్తు, స్థానం ముందే కొలిచిన గుర్తులు) సరిగ్గా పెడితే. ఘనపరిమాణం అంటే ఆ పైతలానికీ కింది నేలకీ మధ్య ఉన్నది. కింది నేల డ్రోన్‌కి కనబడదు. అందుకని సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది: కుప్ప అంచు చుట్టూ పెట్టిన పాయింట్లని కలిపి ఒక తలం గీస్తుంది, లేదా అన్నిటికంటే పల్లంగా ఉన్న పాయింట్ ఎత్తులో చదునుగా కోస్తుంది. వాలు నేలమీద రెండో పద్ధతి పెడితే మట్టి కూడా కంకర లెక్కలోకి వచ్చేస్తుంది. గోతిలో పోసిన కుప్పకి మొదటి పద్ధతి పెడితే గోతిలోది మొత్తం పోతుంది. మన గ్రావెల్ యార్డులు వానాకాలంలో టిప్పరు చక్రాల కింద కుంగిపోతాయి కదా, కుంగిన చోట నిండిన సరుకంతా సప్లయర్‌కి నష్టమే.

40 మీటర్లు, 50 మీటర్లు ఉన్న కుప్ప అడుగు 2,000 చదరపు మీటర్లు. నేల ఎత్తు సగటున 10 సెంటీమీటర్లు తప్పితే 200 ఘనపు మీటర్లు తేడా. 10 ఘనపు మీటర్ల టిప్పరుకి అది 20 లోడ్లు. సాఫ్ట్‌వేర్ మీద నమ్మకం ఉందా లేదా అని కాదు, ఖాళీ నేలని ముందే ఇద్దరి ఎదుట రోవరుతో (ఉపగ్రహ సంకేతాలతో నేల ఎత్తు కొలిచే పరికరం) సర్వే చేశారా అని అడగండి.

రాజాం సప్లయర్:
చెయ్యలేదు. యార్డు చూపించి పొయ్యమన్నారు.

టెక్కలి క్వారీ:
వేబ్రిడ్జి పెట్టుకుంటే ఈ గోలే ఉండదు కదండీ, టన్నుకి ఇంతని కట్టేయొచ్చు.

బొబ్బిలి సర్వేయర్:
కంకరకి మంచిదే అన్నా. ఇసుక దగ్గర మాత్రం నీళ్లకి కూడా డబ్బు కట్టాలి. ఘనపు మీటర్లలో కొన్నా చెమ్మ మోసం చేస్తుంది, గింజల మధ్య తడి వల్ల ఇసుక ఉబ్బుతుంది. గాజు కొలపాత్రలో చెమ్మ ఇసుక వదులుగా 200 గీత దాకా పోసి, వేరే గిన్నెలోకి తీసి, పాత్రలో సగం నీళ్లుపోసి ఇసుకని మళ్లీ అందులో వేసి కడ్డీతో కదపండి. 160 దగ్గర నిలిచిందంటే ఉబ్బు 25 శాతం, తగ్గిన 40ని 160తో భాగించాలి. భారత ప్రమాణం ఐఎస్ 2386 మూడో భాగంలోని పరీక్షే ఇది. టిప్పరులో చెమ్మగా కొలిచిన ఇసుక, వాన బాగా పట్టిన కుప్పలో తగ్గి కనిపిస్తే ఎవరూ దొంగ కాదు.

భోగాపురం డ్రోన్ పైలట్:
ఎగరేసే ముందు ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ యార్డు ఏ జోన్‌లో ఉందో చూసుకోండి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం విమానాశ్రయాల చుట్టూ ఆంక్షలుంటాయి.

చీపురుపల్లి సైట్ ఇంజనీర్:
గురువుగారూ, మరి ఇప్పటికే పోసేశాం. ఇప్పుడేం చెయ్యాలి?

బొబ్బిలి సర్వేయర్:
ఇప్పటి పైతలం ఫైలు చెరపకుండా దాచండి, సప్లయర్‌కీ ఒక కాపీ ఇవ్వండి. అంకె ఒక్కటే ఇస్తే ఒప్పుకోవద్దని ఆయనకి నా మాటగా చెప్పండి. సరుకు పూర్తిగా ఎత్తేశాక బయటపడిన నేలని సర్వే చేసి, అదే పాత పైతలం కింద పెట్టి మళ్లీ లెక్క కట్టండి. గీకిన నేల అయితే జేసీబీ ఎంత లోతు తీసిందో అప్పటికప్పుడు రాసుకోండి.

రాజాం సప్లయర్:
అది ఒప్పుకుంటాను. కానీ కుప్ప ఖాళీ అయ్యేదాకా నా డబ్బు ఆపితే డీజిల్ ఎవరు పోయిస్తారు?

బొబ్బిలి సర్వేయర్:
మొత్తం ఆపకూడదు. రెండు లెక్కల్లో తక్కువదానికి ఈ నెల బిల్లులోనే కట్టెయ్యాలి. వివాదం తేడా మీదే, ఆ తేడా ఒక్కటే ఆగాలి.

పాలకొండ కాంట్రాక్టరు:
దీనికి మాత్రం నేనూ సరే. వచ్చే యార్డుకి ఖాళీ నేల సర్వే ఖర్చు ఎవరిదో అగ్రిమెంటులో రాయించండి, లేకపోతే ఎవరూ చెయ్యరు.