సైకిల్ ఎక్కే ముందు మీరు ఏమేం చూసుకుంటారు? (నా ముందు చక్రం ఊగుతోంది)

అడిగినవాడు

అందరికీ నమస్తే. పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో ఒక హైబ్రిడ్ సైకిల్ కొన్నాను. 21 గేర్లు, 700x35 టైర్లు (వెడల్పు 35 మిల్లీమీటర్లు), డిస్క్ కాదు, రిమ్ పట్టుకునే మామూలు బ్రేకులే. స్కూల్ రోజుల్లో నాన్న సైకిల్ తొక్కాను, మళ్లీ ఇరవై ఐదేళ్ల తర్వాత ఇదే. ఆదివారం పొద్దున్నే నార్సింగి దగ్గర రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న ట్రాక్ మీద తిరిగి ఇంటికి వస్తుంటే, ఒక స్పీడ్ బ్రేకర్ దాటాక ముందు చక్రం బ్రేకు రబ్బరుకి ఒరుసుకోవడం మొదలైంది. దిగి చక్రం పట్టుకుని ఊపితే అటూ ఇటూ కదులుతోంది! ఇరుసు దగ్గర ఒక లివర్ ఉంది, దాన్ని నట్టు తిప్పినట్టు గుండ్రంగా తిప్పి బిగించాను, రెండు రోజులకి మళ్లీ వదులైంది. టెన్షన్‌గా ఉంది. షాపుకి తీసుకెళ్లాలా? అసలు మీరంతా బయల్దేరే ముందు ఏం చూస్తారు?

రెండు చక్రాల రవి

అన్నా, ముందు ఆ సైకిల్ తొక్కడం ఆపు. అది నట్టు కాదు, క్విక్ రిలీజ్. లివర్‌ని తిప్పి బిగించకూడదు, తలుపు గడియ వేసినట్టు మడిచి మూయాలి. లివర్ పూర్తిగా తెరిచి, చక్రాన్ని ఫోర్క్‌లో, అంటే ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే కవలలో, నిండా కూర్చోబెట్టు (సైకిల్ నేల మీద నిలబడి ఉండగానే చెయ్యి, తలకిందులు చేస్తే చక్రం వంకరగా కూర్చుంటుంది). అవతలి పక్క చిన్న నట్టు ఉంటుంది కదా, దాన్ని కొంచెం కొంచెం బిగిస్తూ లివర్ మూసి చూడు. లివర్ సగం దూరం వచ్చేసరికి, అంటే ఇరుసుకి సూటిగా బయటికి చూస్తున్నప్పుడు, బిగువు తగలడం మొదలవ్వాలి. అక్కడి నుంచి అరచేత్తో గట్టిగా నొక్కితేనే మూసుకోవాలి, చేతి మీద అచ్చు పడాలి. వేలితో తేలిగ్గా మూసుకుంటే చాలదు. నీకు అమ్మినాయనకి కూడా ఇది తెలిసి ఉండదు, నేను కూడా మొదటి మూడు నెలలు తిప్పుతూనే ఉన్నాను. స్పీడ్ బ్రేకర్ దగ్గర కాబట్టి సరిపోయింది, అదే ఫ్లైఓవర్ దిగుతుంటే ఊహించుకోలేను.

తెనాలి షాపు

మా నాన్నగారిది సైకిల్ షాపు, నేను పంక్చర్లు వేస్తూ పెరిగినవాణ్ణి. రవిగారు చెప్పింది నిజమే, కానీ చక్రం తర్వాత అందరూ గాలి మీద పడతారు, నేను మాత్రం బ్రేకే అంటాను. సైకిల్ పక్కన నిలబడి ముందు బ్రేకు పట్టి ముందుకి తోయండి, ముందు చక్రం కదలకుండా వెనక చక్రం పైకి లేవాలి. వెనక బ్రేకు పట్టి తోస్తే చక్రం తిరక్కుండా నేల మీద ఈడ్చుకు రావాలి. బ్రేకు లివర్ నొక్కినప్పుడు హ్యాండిల్‌కి తగిలేదాకా వస్తుంటే కేబుల్ వదులైనట్టు. బ్రేకు రబ్బరు మీద గాడులు అరిగిపోయి నున్నగా ఉంటే ఆ పూటే మార్చండి, ఖరీదైన వస్తువేమీ కాదు. ఇంకొకటి, రబ్బరు రిమ్‌నే పట్టుకోవాలి. కాస్త పైకి జరిగి టైరుని తాకుతుంటే మెల్లగా టైరు గోడ కోసేస్తుంది, ఒకరోజు ఢమ్మని పేలుతుంది. ఇలాంటివి మా షాపుకి చాలా వచ్చేవి.

గాలి సంగతి: టైరు పక్కన అచ్చు వేసి ఉంటుంది, మీ 700x35కి సాధారణంగా 50 నుంచి 75 పీఎస్ఐ. బండి షాపులో 30కో 35కో కొట్టి పంపిస్తారు, బైకుకి అదే కదా. మీకు అది చాలదు, గుంటలో పడితే ట్యూబు రిమ్‌కీ గుంట అంచుకీ మధ్య నలిగి పాము కాటులా రెండు రంధ్రాలు పడతాయి. గేజీ ఉన్న ఫ్లోర్ పంపు ఒకటి కొనుక్కోండి.

చైనుకి వాడేసిన ఇంజన్ ఆయిల్ మాత్రం పొయ్యొద్దు, దుమ్మంతా పట్టి నల్ల పిండి అయిపోతుంది.

మ్యూనిక్ నుంచి

ఇక్కడ రోడ్డు మీద సైకిల్‌కి రెండు వేర్వేరు బ్రేకులు, గంట ఉండాలని చట్టమే ఉంది, అందుకే నాకూ అలవాటైంది. నేను కొత్తగా చెప్పేదేం లేదు గానీ, ఒక చిన్న కిటుకు: సైకిల్‌ని నాలుగు అంగుళాలు పైకి లేపి వదిలెయ్. మామూలుగా టైర్ల చప్పుడే రావాలి. గలగలమంటే ఏదో వదులుగా ఉన్నట్టే, మడ్‌గార్డో, బాటిల్ స్టాండో, లేదా హ్యాండిల్ బేరింగో. బేరింగ్ అనుమానం ఉంటే ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపు, ఫోర్క్ పైన టక్ టక్ అని తెలుస్తుంది.

అలాగే సీటు పైపు మీద గీతలుంటాయి, అవి బయటికి కనిపించేంత పైకి లాగావంటే పైపు విరిగే ప్రమాదం ఉంది. పొడుగ్గా ఉన్నవాళ్లు ఇది చూడరు. నేనూ చూడలేదు :)

అడిగినవాడు

రవీ, నువ్వు చెప్పినట్టే చేశాను. ఆ అవతలి నట్టు నిజంగానే అరంగుళం వదులుగా ఉంది, ఇన్నాళ్లూ ఆ చక్రం ఎలా నిలబడిందో తెలీదు. ఇప్పుడు లివర్ మూస్తే అరచేతిలో గీత పడింది, చక్రం బ్రేకులకి తగలడం లేదు.

తెనాలి సార్, మీ మాట విని వెనక బ్రేకు చూశాను. ఒక రబ్బరు సరిగ్గా మీరు చెప్పినట్టే టైరుని రాస్తోంది, టైరు మీద గీత పడిపోయింది, లోపలి దారాలు కనిపిస్తున్నాయి. ఆ టైరు వాడొచ్చా, మార్చాలా?

తెనాలి షాపు

దారాలు కనిపిస్తే మార్చేయండి. అడగడం కూడా అనవసరం.

రెండు చక్రాల రవి

కొత్తది కూడా 35 సైజే తీసుకో, షాపులో 32 ఇస్తే కంగారేం లేదు, అదీ ఆ రిమ్‌కి సరిపోతుంది. రబ్బరు కిందికి జరిపాకే కొత్త టైరు ఎక్కించు.