ఐదేళ్లవాడు పావుగంటలో ముగిస్తాడు, మూడేళ్లది చింపేస్తుంది: పత్రిక చందా కొనసాగించాలా?

ఇద్దరి అమ్మ (ప్రశ్న)

నమస్కారం. మాకు ఇద్దరు పిల్లలు. బాబుకు ఐదున్నర, పాపకు మూడు నిండి రెండు నెలలు. ఏడాదిగా పసిపిల్లల మాసపత్రిక ఒకటి తెప్పిస్తున్నాం. పేరు చెప్పను, తప్పు దానిదో మాదో ఇంకా తేలలేదు. అట్ట మీద మాత్రం ‘2 నుంచి 6 ఏళ్లు’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది.

పత్రిక వచ్చిన రోజు మా ఇంట్లో జరిగేది ఇదీ. బాబు పెన్సిల్ పట్టుకుని కూర్చుంటాడు. చుక్కలు కలపడం, దారి కనుక్కోవడం, తేడాలు చెప్పడం, అన్నీ పావుగంటలో ముగించి ‘అయిపోయింది, ఇంకొకటి ఇవ్వు’ అంటాడు. కథల పేజీల వంక చూడనే చూడడు. ఈలోగా పాప వాడి చేతిలోంచి లాక్కుని సరిగ్గా మధ్య పేజీ చింపుతుంది. పోయిన నెల ఊడిన పిన్ను ఒకటి పాప నోట్లోంచి తీశాను. ఆ తరవాత పత్రిక మంచం కిందికి చేరుతుంది, మళ్లీ కొత్త సంచిక వచ్చేదాకా దాని మాట ఎవరికీ గుర్తుండదు.

మా మామగారు ‘అక్షరాలు దిద్దే పుస్తకం ఒకటి కొంటే సరిపోయేదానికి నెలనెలా ఈ బొమ్మల కాగితాలెందుకమ్మా’ అంటారు. మా వారు ‘ఫోనులో చూపిస్తే చిరగదు కదా’ అంటారు. చందా వచ్చే నెలతో తీరిపోతుంది. కొనసాగించాలా, చెరొకటి తెప్పించాలా, మానేయాలా? అసలు మంచి పత్రిక ఏదో, ఊరికే పేజీలు నింపినది ఏదో చూడగానే ఎలా తెలుస్తుంది?

కవలల నాన్న

చెరొకటి తెప్పించండి. మాకు ఇద్దరిదీ ఒకే వయసు, అయినా రెండు ప్రతులు వస్తాయి. ఒకే సంచిక, రెండు ప్రతులు! పోస్టులో ఒకటి ముందు, ఒకటి వెనక వచ్చిన నెల మా ఇంట్లో యుద్ధమే. మంచిదేదో నన్నడగకండి, నేను శాంతి కోసం కొంటున్నాను.

చిక్కుదారి

అమ్మా, నేను పదకొండేళ్లు ఒక పసిపిల్లల పత్రికకు ఆటల పేజీలు గీశాను. ముందుగా ఒక ఒప్పుకోలు. మీ అబ్బాయి పావుగంటలో ముగించిన పేజీలు, గీసినవాళ్లు కూడా పావుగంటలోనే గీసినవి కావచ్చు. మధ్యలో పిన్ను కొట్టే పత్రికలో పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి, నాలుగేసి చొప్పునే తగ్గుతాయి. కథ ఒక పేజీ ముందే ముగిసిందనుకోండి, అచ్చుకు వెళ్లే ముందురోజు రాత్రి ఆ ఖాళీలోకి ఏదో ఒకటి రావాలి. నేనయితే చుక్కల బాతు వేసేదాన్ని. నా బాతులు ఎన్ని ఖాళీలు పూడ్చాయో లెక్కలేదు.

చూడగానే ఎలా తెలుస్తుందని అడిగారు. నేనైతే ముందు ‘కత్తిరించి అతికించండి’ అని ఉన్న పేజీ వెతికి, దాని వెనకవైపు చూస్తాను. అక్కడ కథ ఉంటే ఆ పత్రికలో పిల్లల గురించి ఆలోచించినవారు ఎవరూ లేరు. ముసుగు కత్తిరిస్తే వెనక కుందేలు తల పోతుంది. ఆ తరవాత కాగితం. మెరిసే ఆర్ట్ పేపర్ మీద బొమ్మ అందంగానే ఉంటుంది, క్రేయాన్ మాత్రం జారిపోతుంది. రంగులు వేయమని చెప్పే పేజీ కాస్త గరుకుగా, మెరుపు లేకుండా ఉండాలి.

చిక్కుదారుల సంగతి నాకు దెబ్బ తగిలి తెలిసింది. కొత్తలో ఒక ఎలుకను ఇంటికి చేర్చే దారి గీశాను. గోడలకూ గోడలకూ మధ్య ఎడం ఆరు మిల్లీమీటర్లు. నా కళ్లకు ముచ్చటగా ఉంది. అచ్చుకు ముందు నాలుగేళ్ల పిల్లల ముందు పెట్టి చూశాం. పిల్లల క్రేయాన్ మొనే అంతకన్నా లావుంది! ఎవరి గీతా గోడల మధ్య నిలవలేదు. ఒక పిల్ల అయితే అన్ని గోడలూ దాటించి తిన్నగా ఒకే గీత గీసి, ‘ఎలుకకు తొందరగా ఉంది’ అంది. ఆ రోజు నుంచి దారి వెడల్పు నా బొటనవేలితో కొలిచేదాన్ని. మీ పత్రికలో దారి మీద మీ బొటనవేలు పెట్టి చూడండి.

అన్నిటికంటే ముఖ్యం పేజీ అడుగున ఉండే మాట. అది చదివేది పిల్లవాడు కాదు, మీరు. ‘కలపండి’, ‘గీయండి’, ‘సున్నా చుట్టండి’ అని ఉంటే పని పూర్తయ్యాక ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. మీ వాడి ‘అయిపోయింది’ తప్పు కాదు, నిజంగానే అయిపోయింది. ‘కుక్కపిల్ల బల్ల కింద ఎందుకు దూరింది?’ అని ఉంటే అది రేపటికీ మిగులుతుంది. సంచికకు ఇలాంటి పేజీలు రెండున్నా నేను చందా కడతాను. రెండూ లేకపోతే వదిలేస్తాను.

అట్ట మీద ‘2 నుంచి 6’ అన్నది అమ్మకం లెక్క. అమెరికాలో హైలైట్స్ అనే పిల్లల పత్రిక 1946లో మొదలైంది. అదే సంస్థ మరీ చిన్నవాళ్ల కోసం హై ఫైవ్ అనే వేరే పత్రిక 2007లో తెచ్చింది. పెద్ద పిల్లల కోసం 1973లో క్రికెట్ అనే పత్రిక మొదలుపెట్టినవారు మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు లేడీబగ్‌ను 1990లో, మూడేళ్ల లోపు వాళ్లకు బేబీబగ్‌ను 1994లో విడిగా తెచ్చారు. బేబీబగ్‌కు మందం పేజీలు, గుండ్రటి మూలలు. పిన్నులు ఉండవు. పత్రిక నోట్లోకి వెళుతుందని వాళ్లు ముందే ఒప్పుకున్నారన్నమాట.

మీ పాప కోసం ఒక పని చేయండి. సంచిక రాగానే పిన్నులు పీకేసి, ఆ మడత మీదే మూడు రంధ్రాలు చేసి సూదీ దారంతో కుట్టండి. పత్రికతో పాటు బొమ్మ ఏదైనా ఉచితంగా వస్తే, మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలకు వాడే పరీక్ష గుర్తుంచుకోండి. 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయేది ఏదైనా గొంతుకు అడ్డం పడగలదు. పాపకు మూడు దాటినా, ఇంకా పిన్నులు నోట్లో పెట్టుకుంటోంది కాబట్టి చెబుతున్నాను.

చదివిందే చదువు

చిక్కుదారి గారితో సగమే ఏకీభవిస్తాను. పత్రికలో అన్నీ ముక్కలే. అర పేజీ కథ, పాటలో నాలుగు చరణాలు, ఒక బాతు (క్షమించండి). ఈ వయసుకు కావలసింది పది ముక్కలు కాదు, పదిసార్లు వినే ఒకే కథ. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో జెస్సికా హార్స్ట్ బృందం 2011లో మూడేళ్ల పిల్లలతో ఇది పరీక్షించింది. కొందరికి ఒకే కథను మళ్లీ మళ్లీ చదివారు, కొందరికి వేరువేరు కథలు. కొత్త మాటలు రెండు వైపులా అన్నేసిసార్లే వినిపించాయి. అయినా ఒకే కథ విన్నవారికే ఆ మాటలు ఎక్కువ పట్టుబడ్డాయి.

జపాన్‌లో దీనికి పత్రికలోనే దారి కనిపెట్టారు. ‘కొదొమో నో తోమో’, అంటే పిల్లల నేస్తం, 1956 నుంచి వస్తోంది. నెలకు ఒక సంచిక, సంచికకు ఒకే కథ, మొదటి పేజీ నుంచి చివరిదాకా. అక్కడి పిల్లలందరికీ తెలిసిన ‘గురి తో గురా’ ఎలుకల కథ 1963లో అలాగే ఒక నెల సంచికగా వచ్చి, ఆ తరవాత గట్టి అట్ట పుస్తకమైంది. మీకు అలాంటిది దొరకకపోతే చందా డబ్బుతో నెలకో బొమ్మల కథ పుస్తకం కొనండి.

గరుకు అక్షరం

పదహారేళ్లుగా చిన్న తరగతులకు చెబుతున్నాను. మీ మామగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆయన కోరిక తప్పు కాదు, వేళ తప్పు. మూడేళ్ల చేతిలో పెన్సిల్ పెట్టి దిద్దిస్తే వేళ్లు నొచ్చి, పిడికిలితో పట్టే అలవాటు పడుతుంది. 1907లో రోమ్‌లో తన తొలి పసిపిల్లల బడి తెరిచిన మరియా మాంటిస్సోరి, గరుకు కాగితంతో చేసిన అక్షరాలను ముందు వేలితో తడిమించేవారు, రాత తరవాత. మామగారినే అలాంటి అక్షరాలు నాలుగు కత్తిరించమనండి. పని దొరికితే పెద్దవాళ్ల వాదన తగ్గుతుంది, ఇది నా అనుభవం.

పాప చింపడం గురించి బెంగ వద్దు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి కాగితం చింపడం కూడా రాతకు సాధనే, మేము తరగతిలో కూర్చోబెట్టి మరీ చేయిస్తాం. పాత సంచికలు పాపవి, కొత్తది అందరిదీ అని చెప్పి చూడండి.

ఫోను గురించి ఒకటే మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలు తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట దాటకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. ఆ గంటలో పత్రికకు కూడా వాటా ఇవ్వాలా అన్నది మీ వారినే అడగండి.

ఇద్దరి అమ్మ

అందరికీ ధన్యవాదాలు. మంచం కింద నుంచి ఆరు పాత సంచికలు తీసి బొటనవేలు పెట్టి చూశాను. నాలుగింటిలో దారి నా చిటికెన వేలికి కూడా చాలలేదు. ముసుగు వెనక కుందేలు కాదు గానీ, కథ ముగింపు ఉంది. మా బాబు కథల వంక ఎందుకు చూడడో అర్థమైంది. అప్పటికే వాడు ముగింపు కత్తిరించేసేవాడు!

ఒక సంచికలో మాత్రం సంత బొమ్మ రెండు పేజీల నిండా ఉంది, కింద ఒక్క మాట కూడా లేదు. నిన్న రాత్రి అది తీసి ‘ఈ గొడుగు ఎవరిది?’ అని అడిగాను. బాబు ‘ఆ తాతది’ అన్నాడు. పాప ‘కాదు, మేకది’ అంది. ఇరవై నిమిషాలు వాదించుకున్నారు. పెన్సిల్ ఊసే రాలేదు. మేకకు గొడుగు ఎందుకని వాడు, తడిస్తే దానికి జలుబు చేయదా అని పాప.

చందా విషయం ఇంకా తేల్చలేదు. ఆ సంత బొమ్మలాంటివి ఏ సంచికలో వస్తాయో ముందే తెలియదు కదా. ప్రస్తుతానికి ఒక కథ పుస్తకం, గరుకు కాగితం కొన్నాం. అక్షరాల పని మామగారికి అప్పగించాను. ఆయన అక్షరాలు పక్కన పెట్టి ముందు పిన్నులు పీకే పని మొదలుపెట్టారు. చిక్కుదారి గారూ, ఆయన అడగమన్న ప్రశ్న: మామూలు కుట్టుదారం సరిపోతుందా?

చిక్కుదారి

సరిపోతుంది, రెండు పేటలు వేయమనండి. దారానికి కాస్త కొవ్వొత్తి మైనం రాస్తే ఇంకా మంచిది. ముడి మాత్రం లోపలివైపు కాక వెనక అట్ట మీదికి రావాలి. లోపల ముడి కనిపిస్తే మీ పాప దాన్నే లాగుతుంది.

ఇద్దరి అమ్మ

ఆలస్యమైంది. ముడి లోపలే వేశారు, ఇప్పుడే లాగింది. మేకా గొడుగూ రెండు ముక్కలయ్యాయి. మామగారు మళ్లీ సూదికి దారం ఎక్కిస్తున్నారు.