ఎంటెక్ సెమినార్‌లో కొత్త పేపరే చెప్పాలా?

పాత_ఎంటెక్: మా తమ్ముడు సెమినార్‌కి 2014లో వచ్చిన రాఫ్ట్ (చాలా సర్వర్లు ఒకే మాట మీద ఉండేలా చేసే పద్ధతి) పేపర్ తీసుకెళ్తే, గైడ్ "గత రెండేళ్లలోది తెచ్చుకో" అని తిప్పి పంపారు. అదే పనికి అంతకుముందున్న పాక్సోస్ కంటే సులువుగా అర్థం కావాలనే రాఫ్ట్‌ని తయారుచేశారు. స్టూడెంట్‌కి అంతకంటే మంచి పేపర్ ఏముంటుంది?

గైడ్‌గారు: నేను 15 ఏళ్లుగా సెమినార్లు చూస్తున్నాను. పాత పేపర్ ఇస్తే నెట్‌లో స్లైడ్లు రెడీ, దించేస్తారు. కొత్తదైతే కూర్చుని చదవాల్సిందే.

లక్ష్మి77: కొత్తదానికీ చాట్‌బాట్ సారాంశం రాసిస్తోంది కదా సార్.

పాత_ఎంటెక్: 2018లో నాకూ అలాగే "కొత్తది" అని ట్రాన్స్‌ఫార్మర్ (ఇప్పటి చాట్‌బాట్‌ల వెనకున్న మోడల్) పేపర్ ఇచ్చారు. పెద్ద మోడల్ ట్రైనింగ్‌కి 8 పీ100 జీపీయూల (ఇలాంటి లెక్కలు వేగంగా చేసే చిప్‌ల) మీద మూడున్నర రోజులు. మా ల్యాబ్‌లో ఒక్క జీపీయూ లేదు. ఏం చేసి చూపించాలి?

గైడ్‌గారు: అదే పేపర్‌లో చిన్నదైన బేస్ మోడల్‌కి 12 గంటలే. పూర్తిగా చెప్పండి.

పాత_ఎంటెక్: ఆ 12 గంటలూ అవే 8 జీపీయూల మీద సార్!

గైడ్‌గారు: ట్రైనింగ్ ఎవరు చేయమన్నారు? అటెన్షన్ ఫార్ములాలో (ఏ పదం ఏ పదాన్ని ఎంత పట్టించుకోవాలో లెక్కించేది) వెక్టర్ పొడవు 64 కాబట్టి రూట్ 64తో, అంటే 8తో, ఎందుకు భాగించారో చెప్పమంటాను. అదీ చెప్పరు. అంటే పేపర్ తెరవనట్టే.

పాత_ఎంటెక్: సరిగ్గా ఈ మాటే మా గైడ్ నన్నూ అన్నారు, 30 మంది ముందు. నాలుగు రాత్రులు చదివి వెళ్లాను. "స్కేలింగ్ కోసం" అనేసరికి "కూర్చో" అన్నారు. జవాబు మాత్రం ఆయనా చెప్పలేదు. ఉద్యోగంలో చేరాక ఒక సీనియర్ చెప్పారు: వెక్టర్ పొడవు పెరిగేకొద్దీ డాట్ ప్రొడక్టులు (రెండు వెక్టర్ల అంకెల్ని జతజతగా గుణించి కూడితే వచ్చేవి) పెద్దవైపోతాయి, వాటిని వాటాలుగా మార్చే సాఫ్ట్‌మ్యాక్స్ దాదాపు అంతా ఒక్కదానికే ఇచ్చేస్తుంది, మోడల్ నేర్చుకోవడానికి కావాల్సిన గ్రేడియంట్ సున్నాకి దగ్గరవుతుంది. రెండు నిమిషాల మాట. ఆ రోజు ఆ గదిలో చెప్పేవాళ్లే లేరు.

లెక్కలపిచ్చి: సగటు సున్నా, వేరియన్స్ (విలువలు ఎంత చెదిరి ఉన్నాయో కొలత) 1 అయిన స్వతంత్ర విలువలు అనుకుంటే 64 లబ్ధాల మొత్తానికి వేరియన్స్ 64, దాని రూట్ 8. అందుకే 8తో భాగించారు.

గైడ్‌గారు: మీ గైడ్ ఆ పేపర్ చదివి ఉండరు. ఈ మాట అనడం నాకు కష్టంగానే ఉంది. ఈ సెమిస్టర్ నాకు 18 మంది, 18 పేపర్లు. అన్నీ చదవలేకపోతున్నాను. చదవనివాటికి స్లైడ్ల గురించి, అక్షరాల సైజు గురించి అడిగి మార్కులు వేస్తున్నాను.

పాత_ఎంటెక్: నా బాధ అదే సార్. పేపర్ ఏ ఏడాదిదైనా ఫర్వాలేదు. గదిలో ఇంకొక్కరైనా చదివి రావాలి.

లక్ష్మి77: ఇద్దరికి ఒక పేపర్ ఇవ్వండి. ఒకరు చెప్పాలి, రెండోవాళ్లు ప్రశ్నలు అడగాలి.

గైడ్‌గారు: మా దగ్గర ఒక్కొక్కరికీ వేరే టాపిక్ అని రూల్ ఉంది. ప్రశ్నలు అడిగే పని ఇంకొకరికి అప్పగించడానికి అడ్డేమీ లేదు. చేసి చూస్తాను.

పాత_ఎంటెక్: మరి మా తమ్ముడి రాఫ్ట్ మాటేంటి?

గైడ్‌గారు: సర్వర్లు తమలో ఒక లీడర్‌ని ఎన్నుకునే భాగం వరకే చెప్తానంటే నేనూ ఒప్పుకోను. పాత టర్మ్ (ముందటి ఎన్నిక కాలం) ఎంట్రీ మెజారిటీ సర్వర్లలో ఉన్నా, ఆ లెక్క చూసి లీడర్ దాన్ని ఎందుకు కమిట్ (ఖాయం) చేయకూడదు? పేపర్‌లో ఎనిమిదో బొమ్మ అదే. స్లైడ్ లేకుండా బోర్డు మీద వేసి చెప్పగలిగితే ఒప్పుకుంటాను.

పాత_ఎంటెక్: చెప్తాడు సార్. ఆదివారం నేనూ వాడి పక్కన కూర్చుంటాను.